పాత మెటల్ ఆల్బం: అసలు ప్రతా, రీమాస్టరా, రీమిక్సా? ఏది వినాలి?

పాత హెవీ మెటల్ ఆల్బం కోసం ఏ మ్యూజిక్ యాప్‌లో వెతికినా ఒకే పేరుతో మూడు నాలుగు ప్రతులు బయటపడతాయి. ఒకటి అసలుది, ఒకటి రీమాస్టర్, అంటే పూర్తయిన రికార్డింగ్‌కు కొత్త పైపూత, మరొకటి రీమిక్స్, అంటే విడివిడిగా రికార్డయిన గొంతునూ వాయిద్యాలనూ మళ్లీ కలిపినది. కొన్నిసార్లు అదే బృందం ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వాయించి రికార్డు చేసినది కూడా ఉంటుంది. పాటలు అవే, వరస అదే, శబ్దం మాత్రం వేరు. ఆల్బం మనసుకు పట్టుకుంటుందా, పది నిమిషాలకే విసుగొచ్చి ఆపేస్తామా అన్నది చాలాసార్లు ఆ తేడా దగ్గరే తేలిపోతుంది.

శుభ్రంగా రికార్డయినదే తీసుకుంటే పోలేదా అంటారు. శాస్త్రీయ సంగీతానికి ఆ సలహా చెల్లుతుందేమో గానీ మెటల్‌కు చెల్లదు. ఇక్కడ గిటార్ మోతే కావాలని చెడగొట్టిన శబ్దం. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపితే వచ్చే గరగరకు డిస్టార్షన్ అని పేరు పెట్టుకుని, దాని మీదే ఒక సంగీతాన్ని కట్టారు. అలాంటి చోట శుభ్రత ఒక్కటే కొలత ఎలా అవుతుంది? నేను చూసేది వేరు: ఈ బృందం బలం దేనిలో ఉందో అది ఈ ప్రతిలో చెవికి చేరుతోందా, లేదా? వేగం బలమైతే ఒక్కో దెబ్బ విడివిడిగా వినపడాలి. బరువు బలమైతే కింది స్వరాలు ఛాతీకి తగలాలి. చలి, చీకటి, ఒంటరితనం బలమైతే కొంత మసక ఉన్నా ఫర్వాలేదు, ఒక్కోసారి ఆ మసకే కావాలి. గరుకు శబ్దం వేరు, పాడైన శబ్దం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే మంచి ఆల్బంలకు చెడ్డ పేరు వస్తుంది.

ఇంకో చిక్కు మన చెవుల అలవాటులో ఉంది. సినిమా పాటల మధ్య పెరిగిన మనకు గొంతు అన్నిటికన్నా ముందు ఉండాలి, ప్రతి మాటా తెలియాలి, వాయిద్యాలు వెనక నిలబడాలి. మెటల్‌లో గొంతు కూడా ఒక వాయిద్యమే. గిటార్ల మధ్య సగం మునిగి ఉంటుంది, గొంతును గుర్రుమనిపించే డెత్ మెటల్‌లోనైతే పూర్తిగానే మునుగుతుంది. "మాటలు తెలియడం లేదు, రికార్డింగ్ బాగోలేదు" అని మొదటిసారి విన్నవాళ్లు చెప్పే ఫిర్యాదు నిజానికి లోపం గురించి కాదు, ఆ మిక్సింగ్ (గొంతునూ వాయిద్యాలనూ కలిపే) పద్ధతి గురించి. కొన్నాళ్లు గొంతును వదిలేసి గిటార్ రిఫ్‌ను (పదే పదే తిరిగొచ్చే చిన్న గిటార్ వరసను) పట్టుకుని వినండి. అప్పుడు కూడా ఏదో లోటు తోస్తే అది నిజంగా లోటే.

డబ్బు, సమయం, నిర్మాత పేరు

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. అంతకు ముందు సంవత్సరం అక్టోబరులో లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో దాదాపు ఒక్క రోజులోనే రికార్డింగ్ ముగించారు. కచేరీలో వాయించే తీరులోనే అంతా కలిసి వాయించారు. నిర్మాత (స్టూడియోలో రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపే మనిషి) రాడ్జర్ బెయిన్. ఇప్పటి లెక్కలో అది కుర్ర బృందం డెమో చేసుకునే సమయం. అయినా గీజర్ బట్లర్ బేస్ గిటార్ (కింది స్వరాల గిటార్) స్పష్టంగా, లావుగా వినిపిస్తుంది. టోనీ అయోమీ గిటార్‌కూ డ్రమ్స్‌కూ మధ్య గాలి ఆడుతుంది. ఆ ఖాళీయే దానికి భయం పుట్టించే గుణం ఇచ్చింది. 2013లో అదే బృందం, డ్రమ్మర్ బిల్ వార్డ్ లేకుండా, '13' పేరుతో ఆల్బం చేసింది. సౌకర్యాలకు కొదవ లేదు, నిర్మాత రిక్ రూబిన్. పాటల్లో పాత ఛాయ ఉంది గానీ శబ్దం ఒకే ఎత్తున బిగుసుకుపోయింది. ఆ రెంటిలో ఒకటే వినే సమయం ఉంటే నేను ఆలోచించకుండా 1970 దాన్నే చేతిలో పెడతాను.

నిర్మాత పేరు చూసి కొనడం కూడా అంత నమ్మదగిన పద్ధతి కాదు. రిక్ రూబిన్‌నే తీసుకోండి. 1986లో స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' చేసిందీ ఆయనే. అంతకు ముందు ఏడాది వచ్చిన 'హెల్ అవైట్స్'లో ప్రతిధ్వని ఎక్కువ, గుహలో వాయించినట్టు ఉంటుంది. రూబిన్, ఇంజనీర్ ఆండీ వాలెస్ ఆ ప్రతిధ్వనినంతా ఊడ్చేశారు. అంత వేగంగా వాయించేవాళ్లకు ప్రతిధ్వని శత్రువు, ఒక దెబ్బ తోక ఇంకో దెబ్బ మీద పడుతుంది. 'ఏంజెల్ ఆఫ్ డెత్' చివరి భాగంలో మిగతావాళ్లంతా ఒక్కసారి ఆగిపోయి డేవ్ లొంబార్డో రెండు కిక్ డ్రమ్‌లు (కాలితో వాయించే పెద్ద డ్రమ్‌లు) మాత్రం పరిగెడతాయి. రెండు మూడు సెకన్లే. అక్కడ ఒక్కో దెబ్బ గింజ గింజగా విడివిడిగా తెలుస్తుంది. అదే ముక్కను ముందు ఆల్బం శబ్దంలో ఊహించుకుంటే ఒట్టి గుడగుడ మిగులుతుంది. మొత్తం ఆల్బం అరగంట లోపే. అతి వేగంగా సాగే త్రాష్ మెటల్‌ను కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే, 'హెల్ అవైట్స్' కాదు. పాటల్లో గుట్టు, పొగ ఇష్టపడేవాళ్లు తర్వాత వెనక్కి వెళ్లి దాన్ని వినవచ్చు.

ఆ రూబిన్ పేరే 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' మీదా ఉంది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది. బాబ్ రాక్ కథా ఇలాంటిదే. 1991లో మెటాలికా నల్ల అట్ట ఆల్బంను అద్దంలా మెరిపించిన చెయ్యే 2003లో 'సెయింట్ ఆంగర్' చేసింది. అందులో స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలను వదులు చేసి వాయించడంతో ప్రతి దెబ్బకూ ఖంగుమనే మోత, గంటకు పైగా. అంత పేరున్న బృందం అది తెలిసే వదిలింది, కావాలనే వదిలింది. కావాలని చేశారు కాబట్టి బాగుందని ఒప్పుకోవాల్సిన పని మాత్రం మనకు లేదు.

పేరు చూసి ధైర్యంగా తీసుకోగలిగే మనిషి నా లెక్కలో మార్టిన్ బర్చ్. బ్లాక్ సబ్బత్ 'హెవెన్ అండ్ హెల్' (1980), ఐరన్ మెయిడెన్ 'కిల్లర్స్' (1981) మొదలు 'ఫియర్ ఆఫ్ ద డార్క్' (1992) వరకు ఆయన పనే. మెయిడెన్ మొదటి ఆల్బం (1980) ఆయనది కాదు, విల్ మలోన్‌ది. దాని శబ్దం మీద బృందానికే అసంతృప్తి ఉండేది. దాన్నీ 'కిల్లర్స్'నూ వెంట వెంటనే వినండి. గాయకుడు అదే పాల్ డియానో, బేస్ అదే స్టీవ్ హారిస్, కానీ రెండో దాంట్లో బేస్ తీగ మీద వేలు తగిలే చప్పుడు కూడా అందుతుంది. మొదటి దాని గరుకుతనంలో వీధి కుర్రాళ్ల దూకుడు ఉందని దాన్నే మెచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. పాటలు అంత బలమైనవి.

మెటాలికా రెండు తప్పులు

'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' (1988), 'డెత్ మాగ్నెటిక్' (2008). రెంటికీ ఇరవై ఏళ్ల ఎడం, రెండూ శబ్దం విషయంలో అపకీర్తి మూటగట్టుకున్నవే. రెంటిలో ఏ లోపాన్ని భరించగలరో తెలుసుకుంటే మీ అభిరుచి మీకే అర్థమవుతుంది.

మొదటి దాంట్లో బేస్ గిటార్ దాదాపు లేదు. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో క్లిఫ్ బర్టన్ చనిపోయాక జేసన్ న్యూస్టెడ్ ఆ స్థానంలోకి వచ్చాడు. బృందంతో అతను చేసిన మొదటి పూర్తి ఆల్బం ఇదే. అతను వాయించాడు, టేపు మీద ఉంది, బాగుంది కూడా అని రికార్డింగ్ దగ్గరుండి చూసిన ఫ్లెమింగ్ రాస్ముసెన్ చెబుతూ వచ్చాడు. మిక్సింగ్ చేసినవారిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ చెప్పిన ప్రకారం, బేస్‌ను వినపడీ వినపడనంతగా తగ్గించమనీ, తగ్గించాక ఇంకా తగ్గించమనీ డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ అడిగాడు. బృందం అప్పుడు కచేరీల మధ్య వచ్చి మిక్స్ విని వెళ్లేది. వేదిక మీద మోతకు అప్పటికే అలిసిపోయిన చెవులవి. కొత్తవాడి మీద ఏడిపింపు కూడా అందులో కొంత కలిసిందని అభిమానుల అనుమానం.

'వన్' పాట వినండి. మెల్లగా మొదలవుతుంది. సగం దాటాక కిక్ డ్రమ్ తుపాకి కాల్పుల లయ అందుకుంటుంది. ఆ కిక్‌లో పైన తగిలే 'టక్' ఉంది, కింద మోగాల్సిన 'ధమ్' చాలా తక్కువ. గిటార్లలో మధ్య స్వరాలను కోసేసి పైనా కిందా మాత్రం ఉంచారు. కిక్‌కూ గిటార్‌కూ మధ్య వంతెన వేయాల్సింది బేస్. అది లేదు. ఫలితం ఎండిపోయిన, ఎముకలు తేలిన శబ్దం. యుద్ధంలో అవయవాలన్నీ పోగొట్టుకుని మంచానికి అతుక్కుపోయిన సైనికుడి గురించిన పాటకు ఆ ఎండు శబ్దం నప్పిందనే నేను అంటాను. ఇది సమర్థింపు కాదు. పొరపాటు వల్ల వచ్చిన ఫలితం ఒక పాటకు కలిసొచ్చింది, అంతే. ఆల్బం పేరే పెట్టుకున్న దాదాపు పది నిమిషాల పాటకు మాత్రం కలిసిరాలేదు, ఆరో నిమిషానికి బేస్ కోసం చెవి వెతుక్కుంటుంది.

'డెత్ మాగ్నెటిక్'లో అన్నీ ఉన్నాయి. బేస్ ఉంది, పాటలు బలంగా ఉన్నాయి, ఏళ్ల తర్వాత గిటార్ సోలోలు తిరిగొచ్చాయి. లేనిది చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడా. డిజిటల్ రికార్డింగ్‌లో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటలేం. మిగతావాళ్ల కంటే గట్టిగా మోగాలంటే కింద ఉన్నవాటినన్నిటినీ పైకి నెట్టి, పైకప్పుకు తగిలిన కొనలను చదును చేయాలి. కొంతవరకు అందరూ చేసేదే. ఇక్కడ ఎంతగా చేశారంటే డ్రమ్ దెబ్బ పడిన ప్రతిసారీ శబ్దం చిట్లుతుంది. డైనమిక్ రేంజ్ (ఆ చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా) కొలిచే అభిమానుల పట్టికల్లో దీనికి వచ్చిన అంకె 3. ఎనభైల నాటి మెటల్ సీడీలకు 10 దాటడం మామూలే. మాస్టరింగ్ (మిక్స్ అయినదానికి విడుదలకు ముందు చేసే చివరి సవరణ) చేసిన టెడ్ జెన్సన్, తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు అలా నలిగి ఉన్నాయని చెప్పాడు. తమాషా ఏమిటంటే అదే సమయంలో ఈ పాటలు 'గిటార్ హీరో' వీడియో గేమ్‌లోకి వచ్చాయి. గేమ్ కోసం ఇచ్చిన ప్రతికి ఈ నలుగుడు లేదు. సీడీ కొన్న అభిమానులే గేమ్‌లోంచి పాటలు రికార్డు చేసుకుని పంచుకున్నారు. డబ్బిచ్చి కొన్న సీడీ కన్నా ఆటబొమ్మలోని ప్రతి మేలని తేలడం ఏ సంస్థకైనా సిగ్గుచేటే.

రెంటిలో నా ఎంపిక 'జస్టిస్'. లేని బేస్‌ను మెదడు కొంత పూరించుకుంటుంది, కొన్నిసార్లు వినేసరికి అలవాటవుతుంది. చిట్లిన శబ్దానికి అలవాటు పడటం ఉండదు, ఎంత విన్నా అలసటే. 'డెత్ మాగ్నెటిక్' నచ్చలేదని అనుకునే చాలామందికి నిజానికి పాటలు నచ్చకపోవడం కాదు, చెవి అలిసిపోవడం. దాన్ని ఒకే విడతలో కాక రెండు పాటల చొప్పున, శబ్దం తగ్గించి వినండి. పాటలు ఎంత బాగున్నాయో అప్పుడు తెలుస్తుంది. శబ్దం నిండుగా, ఏ పేచీ లేకుండా కావాలంటే 1991 నల్ల అట్ట ఆల్బం ఉండనే ఉంది. సంగీతంలో సంక్లిష్టత మాత్రం అక్కడ తగ్గింది.

ఇదే చర్చలో ఐరన్ మెయిడెన్ 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' (2006)ను గుర్తుచేయాలి. స్టీవ్ హారిస్ దాన్ని మాస్టరింగే లేకుండా, స్టూడియోలో మిక్స్ అయినది అయినట్టే విడుదల చేయించాడు. అందరూ గట్టిగా మోగడానికి పోటీపడుతున్న రోజుల్లో అది ధైర్యమే. వాల్యూమ్ కొంచెం పెంచుకోవాలి, అంతకు మించి శ్రమ లేదు.

గరుకును ఎంచుకున్నవాళ్లు

చలి, చీకటే ప్రాణమైన నార్వే బ్లాక్ మెటల్ దగ్గరికి వచ్చేసరికి పై కొలతలన్నీ తలకిందులవుతాయి. డార్క్‌థ్రోన్ మొదటి ఆల్బం 'సోల్‌సైడ్ జర్నీ' (1991) స్టాక్‌హోంలోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డయింది. తోమాస్ స్కోగ్స్‌బెరిగ్ నడిపిన ఆ స్టూడియో అప్పట్లో స్వీడన్ డెత్ మెటల్‌కు పుట్టిల్లు. ఎంటూంబ్డ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' (1990)లో బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 అనే డిస్టార్షన్ పెడల్ బటన్‌లన్నీ చివరికంటా తిప్పి తెచ్చిన ఆ రంపపు కోత లాంటి గిటార్ శబ్దం అక్కడిదే. అంటే డార్క్‌థ్రోన్‌కు మంచి స్టూడియో అంటే ఏమిటో తెలుసు. తెలిసే మూడేళ్లకు 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' (1994)ను నాలుగు ట్రాక్‌ల చిన్న రికార్డింగ్ యంత్రం మీద చేశారు. వాయిద్యాలన్నీ ఫెన్రిజ్ ఒక్కడే వాయించాడు, గొంతు నోక్టర్నో కుల్టోది. బేస్ పట్టి పట్టి వింటే గానీ తెలియదు, డ్రమ్స్ ఒకే తీరున పక్కగదిలో మోగుతున్నట్టు ఉంటాయి. అయినా ఆ రిఫ్‌లు మారీ మారకుండా తిరుగుతూ మంచులో నడిపిస్తాయి. దీన్ని ఎవరైనా శుభ్రం చేసి మళ్లీ మిక్స్ చేస్తే మిగిలేది ఏమీ ఉండదు.

మొదటిసారే దీనితో మొదలుపెట్టకండి. అదే సంవత్సరం వచ్చిన మేహెమ్ 'డె మిస్టీరిస్ డోమ్ సథానస్' లేదా ఎంపరర్ 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్'తో మొదలుపెట్టండి. రెండూ బెర్గెన్‌లోని గ్రీగ్ హాల్‌లో, పిటెన్ అని పిలిచే ఐరిక్ హుండ్విన్ చేతుల మీదుగా రికార్డయ్యాయి. చీకటి తగ్గదు, వాయిద్యాలు మాత్రం వినపడతాయి. మేహెమ్ ఆల్బంలో హెల్‌హామర్ డ్రమ్స్‌కు పెద్ద హాలు గంభీరత ఉంది. అక్కడ చెవి కుదురుకున్నాక డార్క్‌థ్రోన్ దానంతట అదే తలుపు తీస్తుంది.

గరుకు అన్నిసార్లూ ఎంపిక కాదు, ఒక్కోసారి చేతకానితనం లేదా జేబు ఖాళీ కావడం. మెగాడెత్ మొదటి ఆల్బం 'కిల్లింగ్ ఈజ్ మై బిజినెస్' (1985)కు కంపెనీ ఇచ్చింది 8 వేల డాలర్లు. అందులో చాలా భాగం మత్తుమందులకూ మద్యానికీ పోయి, నిర్మాతను పెట్టుకునే స్తోమత లేక తామే చేసుకున్నారు. అంత చిక్కటి గిటార్ పనితనం రేకుల షెడ్డు శబ్దంలో కూరుకుపోయింది. ఇలాంటిదానికి రీమిక్స్ నిజంగా మేలు చేస్తుంది.

రీమాస్టర్, రీమిక్స్, మళ్లీ రికార్డు చేసినవి

రీమాస్టర్ అంటే పూర్తయిన మిక్స్‌కు పైపూత మార్చడం. బేస్ లేని చోట బేస్ తేలేదు. 2018లో వచ్చిన 'జస్టిస్' రీమాస్టర్‌లోనూ బేస్ ఎక్కడుందో అక్కడే ఉంది, చరిత్రను మార్చకూడదని బృందమే అనుకుంది. తొంభైల చివరి నుంచి ఓ పదిహేనేళ్ల పాటు వచ్చిన రీమాస్టర్లలో చాలావాటికి జరిగింది శబ్దం గట్టిగా చేయడమే. కాబట్టి రీమాస్టర్ అన్న ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. అసలు సీడీ దొరికితే అదే నయం.

రీమిక్స్ వేరు. విడివిడి ట్రాక్‌ల దాకా వెనక్కి వెళ్లి మళ్లీ కలుపుతారు. లాభమూ నష్టమూ రెండూ పెద్దవే. మెగాడెత్ మొదటి ఆల్బంకు 2002లో ఒకటి, 2018లో 'ద ఫైనల్ కిల్' పేరుతో మరొకటి వచ్చాయి. వినాల్సింది 2018ది. 2002 దాంట్లో ఒక పాటను హక్కుల గొడవ వల్ల 'బీప్' శబ్దాలతో ముక్కలు చేశారు. దానికి పూర్తి విరుద్ధం 'రస్ట్ ఇన్ పీస్' (1990). మైక్ క్లింక్ నిర్మాతగా ఉన్న ఆ ఆల్బం అసలు మిక్స్‌లో సరిదిద్దాల్సింది దాదాపు ఏమీ లేదు. 2004 రీమిక్స్‌కు కొన్ని గొంతు ట్రాక్‌లు దొరక్క మెగాడెత్ గాయకుడు డేవ్ మస్టేన్ మళ్లీ పాడాడు. పద్నాలుగేళ్ల వయసు తేడా గొంతులో ఇట్టే దొరికిపోతుంది. అసలుదే వెతికి పట్టుకోండి.

మళ్లీ మొత్తం రికార్డు చేసినవాటి మీద నాకు నమ్మకం తక్కువ. ఎక్సోడస్ 1985 నాటి 'బాండెడ్ బై బ్లడ్'ను 2008లో 'లెట్ దేర్ బి బ్లడ్' పేరుతో తిరిగి చేసింది. గిటార్లు ఎంత పదునుగా ఉన్నా అప్పటికే కన్నుమూసిన పాల్ బలోఫ్ వెర్రి కేకను ఎవరు తేగలరు? పాటలు నేర్చుకునే గిటారిస్టులకు కొత్తది పనికొస్తుంది, ఆనందానికి పాతదే.

దేనిలో వింటారు?

ఫోను స్పీకర్‌లో బేస్ వినిపించదు. అందులో అన్ని ఆల్బంలూ 'జస్టిస్'లాగే ఉంటాయి, పోల్చి లాభం లేదు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, చెవిని నిండుగా కప్పే మామూలు తీగ హెడ్‌ఫోన్ చాలు. రెండు ప్రతులను పోల్చేటప్పుడు రెంటి శబ్దమూ ఒకే ఎత్తున ఉండేలా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఎక్కువ యాప్‌ల సెట్టింగ్స్‌లో అన్ని పాటలనూ ఒకే స్థాయికి తెచ్చే నార్మలైజేషన్ ఉంటుంది. అది ఆన్ చేసి వింటే నలిగిన రీమాస్టర్లు చప్పగా తేలిపోతాయి, పాత ప్రతులు ప్రాణం పోసుకుంటాయి. నలిగిన మాస్టర్‌నే ఎల్‌పీ (వినైల్ రికార్డు) మీద అచ్చేసి అమ్మితే ఎల్‌పీ దాన్ని బాగుచేయదు, ఆ ఆశతో వేలు ఖర్చు పెట్టకండి.

ఈనాటి రికార్డింగ్ ఎలా ఉంటుందో పోల్చి చూడటానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2021లో తెచ్చిన 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'ను పాత ఫ్లోరిడా, స్వీడన్ డెత్ మెటల్ ఆల్బంల పక్కన పెట్టి వినండి. డ్రమ్స్ ఎంత ముందుకొచ్చాయో, గిటార్లు ఎలా సర్దుకున్నాయో తేడా తెలుస్తుంది.

పాత సీడీలు కొనేవాళ్లు ఒక ప్రతి విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆజీ ఆస్బోర్న్ 'బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్', 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్'లకు 2002లో వచ్చిన ప్రతుల్లో బాబ్ డెయిస్లీ బేస్‌నూ లీ కెర్స్‌లేక్ డ్రమ్స్‌నూ తుడిచేసి, వాటి స్థానంలో రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌ల చేత వాయింపజేశారు. రాయల్టీ తగాదా దీనికి నేపథ్యం. రాండీ రోడ్స్ గిటార్ అలాగే ఉంటుంది గానీ దాని కింద నేల మారిపోయింది. అట్ట మీద చెప్పుకోదగ్గ తేడా ఉండదు, వెనక అచ్చయిన సంవత్సరం చూడాలి. 2002 ఉంటే పక్కన పెట్టేయండి. 2011 ప్రతుల్లో అసలు వాయింపును తిరిగి చేర్చారు.